గీసింది దొరే!

సెర్వాంటెస్ స్పానిష్ నవల డాన్ క్విక్సోట్ అనగానే కళ్ళ ముందు నిలిచే ఆ బక్కపలచని వీరుణ్ణి, ఎముకల గూడు లాంటి ఆ గుర్రాన్ని, ఆ గాలిమరల్ని బొమ్మ కట్టింది ఎవరని అడగండి. ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ దొరే అంటారు. తెలుగు చెవికి ఆ పేరే ఒక తీర్పు. దొరే! ఇంకెవరు?

కొందరు చాదస్తులు మాత్రం దొరే గీశాడే గానీ చెక్కలేదు కదా అంటున్నారు. నిజమే. అప్పట్లో పుస్తకాల్లో బొమ్మల్ని కొయ్య మీద చెక్కి, సిరా పూసి అచ్చువేసేవారు. బాక్స్‌వుడ్ మానును అడ్డకోత కోసి, ముక్కలు జతచేసి నునుపు చేసిన బ్లాకు మీద ఆయన కుంచెతో నీడలు పరిచాడు. ఆ నీడల్ని సన్నని గీతలుగా మార్చి, తెల్లగా రావలసిన చోటల్లా తొలిచి పారేసినవాడు ఎలియొదోర్ పిసాన్. అంటే చెక్కేకొద్దీ దొరగారి చిత్రం పొట్టుగా నేల రాలిందన్నమాట. కొయ్య మీద దొరే సంతకాన్ని చెక్కింది కూడా ఉలి పట్టిన చెయ్యే. ఇంతటి విధ్వంసకారుడికి పైగా పేరు కూడానా?

1863లో పారిస్‌లో అషెత్ సంస్థ ఈ పుస్తకం వేస్తూ, ముఖపత్రం మీద పిసాన్ పేరు కూడా అచ్చువేసి పొరబడింది. లోకం ఆ పొరపాటును మెల్లగా దిద్దుకుంది.

లండన్ వారిది ఇంకా గట్టి క్రమశిక్షణ. 1866లో వార్న్ సంస్థ తెచ్చిన డాన్ క్విక్సోట్‌కు ఆర్థర్ బాయ్డ్ హౌటన్ బొమ్మలు గీస్తే, డాల్జియల్ సోదరుల కార్ఖానా చెక్కింది. ఆ కార్ఖానాలో బల్లల మీదికి ఎందరు వంగి కళ్ళు పోగొట్టుకున్నా, బొమ్మ మూలన పడే పేరు ఒక్కటే: డాల్జియల్. సొమ్మొకడిది సోకొకడిది అని గొణగడం తగదు. ఉమ్మడి కుటుంబంలో వంట ఏ కోడలు చేసినా ఇంటిపేరు ఒకటే కదా.

అయినా దీనికి ప్రమాణం సెర్వాంటెస్ నవలలోనే ఉంది. 1615 నాటి రెండో భాగంలో క్విక్సోట్ సేవకుడు సాంచో పాంజా నెలజీతం అడుగుతాడు. నేను చదివిన వీరగాథల్లో ఏ సేవకుడికీ జీతం ఇచ్చిన దాఖలా లేదు పొమ్మంటాడు యజమాని. సాంచో కళ్ళనీళ్ళు పెట్టుకుని, జీతం ఊసు వదిలి వెంట నడుస్తాడు.

పిసాన్‌కు ఆ వినయం లేదు. చాలా బొమ్మల్లో ఒక మూల దొరే పేరు ఉంటే, మరో మూల తన పేరూ చెక్కుకున్నాడు. అదీ అచ్చులో సరిగ్గా పడేలా, కొయ్య మీద కుడి ఎడమలు తిరగేసి మరీ! పాఠకులు ఆ మూలకు చూడకపోతే సరి. ఇంతవరకూ బాగానే సహకరిస్తున్నారు.