పార్కిన్సన్స్ ఉన్నవారికి ఏదో ఒక వాకర్ కొనిస్తే సరిపోదు

నడక తడబడుతున్న పెద్దవారికి ఒక కర్రో వాకరో కొనిస్తే మన బాధ్యత తీరిందనుకునే అలవాటు మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయింది. మోకాళ్లు అరిగినవారి విషయంలో అది కొంతవరకు చెల్లుతుందేమో గాని, పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవారిని అదే పద్ధతి కింద పడేయవచ్చు. వారి ఇబ్బంది ప్రధానంగా కాళ్ల బలానికి సంబంధించినది కాదు. మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం తగ్గడం వల్ల, తనంతట తాను సాగిపోవలసిన నడక ప్రతి అడుగుకూ ధ్యాస పెట్టవలసిన పనిగా మారుతుంది. అడుగులు చిన్నవవుతాయి, ఒళ్లు ముందుకు వంగి నడక పరుగులోకి జారుతుంది, గుమ్మం దగ్గరా మలుపు దగ్గరా పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి.

మా అమ్మకు దుకాణంలో మొదట చూపించినది చక్రాలు లేని అల్యూమినియం వాకర్. దాన్ని ఎత్తాలి, ముందు పెట్టాలి, ఆ తరువాత అడుగు వేయాలి. ఒకేసారి రెండు పనుల మీద ధ్యాస నిలపడం కష్టమయ్యే జబ్బులో ఈ వరుస నడకను ముక్కలు చేస్తుంది. పైగా ఎత్తిన క్షణంలో వెనక్కి తూలే ప్రమాదం ఉంటుంది. నాలుగు చక్రాల వాకర్ హాయిగా కదులుతుంది గాని, నడక పరుగందుకున్నప్పుడు అది మనిషికన్నా ముందు పోతుంది, బ్రేకు నొక్కాలన్న ఆలోచన చేతికి అందేలోపే. అందుకే యూ-స్టెప్ వంటి కొన్ని వాకర్లలో బ్రేకును తిరగేశారు: పిడి నొక్కితేనే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. కొన్ని నమూనాలు నేల మీద ఎర్రటి లేజర్ గీతను కూడా వేస్తాయి. ఆగిపోయిన కాలు ఆ గీతను దాటాలనే లక్ష్యంతో మళ్లీ లేస్తుంది. ఇవి బరువైనవి, ఖరీదైనవి, మన ఊళ్ల దుకాణాల్లో సులువుగా కనిపించేవి కావు. అయితే గీత కోసమే అంత డబ్బు పోయనక్కరలేదు. గుమ్మానికి ముందు అడుగు దూరానికొకటి చొప్పున రంగు టేపు అడ్డంగా అంటిస్తే చాలామందికి అదే పని జరుగుతుంది. (ఇంటి అందం చెడిందని బంధువులు అంటారు, అననివ్వండి.)

కర్ర సంగతి మరీ విచిత్రం. కాళ్లు ఎక్కువుంటే పట్టు ఎక్కువని నాలుగు కాళ్ల కర్ర అంటగడతారు. కదులుతూ వేసే అడుగులో ఆ నాలుగూ ఒక్కసారిగా నేలకు ఆనవు, పాదానికి అడ్డం కూడా పడతాయి. రబ్బరు బుష్ ఉన్న మామూలు కర్రే తరచుగా నయం. దాని ఎత్తు మాత్రం మనిషి వీలైనంత నిటారుగా నిలబడి చేతులు వదిలేసినప్పుడు మణికట్టు మడత దగ్గరకు రావాలి. వంగి ఉన్నప్పుడు కొలిస్తే కర్ర పొట్టిదై మనిషిని ఇంకా వంచుతుంది.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది ఎంపిక జరిగే వేళ. ఈ జబ్బుకు వేసుకునే మాత్ర బాగా పనిచేస్తున్న గంటలో దుకాణానికి తీసుకెళ్తే ఎవరైనా చక్కగానే నడిచి చూపిస్తారు. మాత్ర ప్రభావం తగ్గిన సమయంలో, సొంత ఇంటి బాత్రూము మలుపులో, ఫిజియోథెరపిస్టు కళ్లముందు నడిపించి చూడాలి. అదే మనిషికి ఇంట్లో కర్ర, బజారుకు వాకర్, ఆసుపత్రికి చక్రాల కుర్చీ అవసరం కావచ్చు. కుర్చీ ఎక్కినంత మాత్రాన నడక మానేసినట్టు కాదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను పేరుపెట్టి వైకల్యాల జాబితాలో చేర్చింది. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. ఇలాంటి పథకాల కింద పరికరాలు పంచే శిబిరాల్లో పరికరం రాసే ముందు జబ్బు పేరు అడగాలి, ఆ మనిషిని ఒకసారి వెనక్కి తిరిగి నడవమనాలి, ఒక గుమ్మం దాటించి చూడాలి. దానికి పట్టేది కొద్ది నిమిషాలే.