బీచ్ రోడ్డు మెడికల్ బోర్డు

పొద్దున్నే వాహనాలు ఆపేసే విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో, గట్టు మీద, మా మెడికల్ బోర్డు రోజూ కొలువుతీరుతుంది. సభ్యులు నలుగురు. ఒకాయన పోర్టులో రిటైరయ్యారు, ఇద్దరు మా అపార్ట్‌మెంటు పెద్దలు. నాలుగో ఆయన ఎవరో ఎవరికీ తెలియదు గాని అధ్యక్షుడు ఆయనే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి 21కి పెంచింది. మానసిక అనారోగ్యం, పార్కిన్సన్స్, మన్యంలో కనిపించే సికిల్ సెల్ రక్తవ్యాధి అన్నీ అందులో ఉన్నాయి. ఇంత గందరగోళం దేనికని మా బోర్డు వాటిని రెండుకు కుదించింది: కట్టు కట్టినది జబ్బు, కట్టనిది బద్ధకం.

నా మేనకోడలి కేసు చూడండి. డిప్రెషన్. తల దువ్వుకోవడానికే ఓపిక చాలదు. మానసిక వైకల్యాన్ని కొలవడానికి డాక్టర్ల దగ్గర 'ఐడియాస్' అనే కొలబద్ద ఉంది. తన పనులు తాను చేసుకోగలదా, నలుగురితో మెలగగలదా, చెప్పింది అర్థం చేసుకోగలదా, ఉద్యోగమో ఇంటిపనో సాగించగలదా అని విచారించి, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తారు. జబ్బు ఎన్నేళ్లదో దానికీ మార్కులే. ఎంత శ్రమ, పాపం! మా బోర్డు అడిగింది ఒక్కటే ప్రశ్న: "మొన్న పెళ్లిలో నవ్వింది కదండీ?"

చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తితే తిట్టినట్టు ఉలిక్కిపడ్డారు. సింహాచలం గిరిప్రదక్షిణ చేయించమన్నారు. 32 కిలోమీటర్లు నడిస్తే దిగులంతా అరికాళ్లలోంచి దిగిపోతుందట. మంచానికీ బాత్‌రూముకీ మధ్యనున్న పది అడుగుల సంగతి బోర్డు పరిధిలోకి రాదు.

తర్వాత నా వంతు. నాది కీళ్లవాతం, డాక్టర్ల భాషలో రుమటాయిడ్ ఆర్థరైటిస్. తెల్లవారితే వేళ్లు కొయ్యల్లా బిగుసుకుంటాయి, చొక్కా బొత్తాం పెట్టుకోవడం ఒక యజ్ఞం. పది దాటాక సడలుతాయి. దురదృష్టవశాత్తు పదకొండు గంటలకు రైతుబజారులో వంకాయలు ఏరుతూ అధ్యక్షుల వారి కంటపడ్డాను.

మర్నాడు ఆరున్నరకే విచారణ. నీళ్ల సీసా చేతికిచ్చి మూత తీయమన్నారు. రెండు చేతులా పట్టుకుని తిప్పాను, పళ్లు బిగించాను, మూత కదల్లేదు. అధ్యక్షుల వారు సీసా అందుకుని, టక్కున తీసి, గటగటా తాగి, మూతి తుడుచుకుని అన్నారు: "చూశారా, ఎంత తేలికో!"