సంఘం బతకాలంటే కుంచెలు దాచండి

చిత్రకళా సంఘాలకు పొంచి ఉన్న అసలు ప్రమాదం సభ్యుల కొరత కాదు, చందాల బకాయిలూ కాదు. బొమ్మలు గీసేవాళ్లు. ప్రతి సంఘంలోనూ ఒకరో ఇద్దరో దాపురిస్తారు. కోరం ఉందా లేదా అని సర్వసభ్య సమావేశం అట్టుడికిపోతుంటే, వీళ్లు వెనక వరసలో కూర్చుని కార్యదర్శి గారి ముక్కు గీస్తుంటారు. ఆ ముక్కు ఎవరిదో అడక్కుండానే అందరికీ తెలిసిపోవడం మరీ దారుణం.

ఆవేశంలో అంటున్న మాట కాదిది. చరిత్ర నా పక్షాన ఉంది. 1873 డిసెంబరులో పారిస్‌లో మోనే, రెన్వార్, పిస్సారో, దెగా మొదలైన చిత్రకారులు నియమావళి రాసుకుని మరీ ఒక సంఘం పెట్టుకున్నారు. అక్కడితో ఆగి, ఉపసంఘాలు వేసుకుని ఉంటే ఇప్పటికీ నడుస్తుండేదేమో. ఊరుకోలేక బొమ్మలు వేశారు. 1874 ఏప్రిల్‌లో ప్రదర్శన పెట్టారు. ఆ డిసెంబరులో లెక్కలు తీస్తే తలకు 184.50 ఫ్రాంకుల బాకీ తేలింది. ఏడాది తిరక్కుండానే సంఘం మూతపడింది. వాళ్ల బొమ్మలు మ్యూజియాల్లో భద్రంగానే ఉన్నాయంటారా? ఉండొచ్చు. సంఘం ఏదండీ?

అంతకు ముందు 1799లో లండన్‌లో థామస్ గర్టిన్ అనే యువకుడూ, అతని మిత్రులూ ఇంకో సంఘం నడిపారు. కవిత్వంలోంచి ఒక ఘట్టం తీసుకోవడం, దానికి తగ్గ ప్రకృతి దృశ్యాన్ని ఆ సాయంత్రమే గీయడం, ఇదీ కార్యక్రమం. కాగితాలూ రంగులూ ఎవరింట్లో కూడితే వాళ్లే ఇవ్వాలి, గీసిన బొమ్మలన్నీ ఆ ఇంటివాళ్లకే చెందాలి. ఇందులోని వివేకం చూడండి. బొమ్మ వేసినవాడి చేతిలో బొమ్మ మిగలదు. మిగిలితే కదా పదిమందికీ చూపించి అభిప్రాయం అడిగేది!

నన్నడిగితే ఈ అనర్థాలన్నిటికీ మూలం 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు పేటెంటు తీసుకున్న తగరపు రంగుల ట్యూబు. అంతకు ముందు నూనె రంగులు పంది మూత్రాశయాల తిత్తుల్లో ఉండేవి. మేకుతో పొడిచి రంగు పిండుకోవాలి, పొడిచాక ఆ చిల్లు సరిగ్గా మూసుకోదు. అవి మూటగట్టుకుని ఊరు దాటాలంటే ఎవరైనా ఒకటికి పదిసార్లు ఆలోచించేవాళ్లు. మూత తిప్పే ట్యూబు వచ్చాక ప్రతివాడూ ఆరుబయటికే.

అయితే మన సంఘాలు ఈ ఆరుబయటి చిత్రణను కూడా చాలావరకు అదుపులో పెట్టగలిగాయని గర్వంగా చెప్పుకోవచ్చు. స్థలం ఎంపికకే గంట పడుతుంది. చెరువు వైపు కూర్చుందామని కొందరు, చెట్ల వైపు అని కొందరు. బొమ్మ నిలబెట్టే ఈజిల్ కాళ్లు బిగించేసరికి నీడ అటు తిరిగిపోతుంది. ఇక కాగితం మీద చర్చ. మందం మూడు వందల జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) ఉండాలి, నూరు శాతం కాటన్ ఉండాలి, గరుకు ఎంత ఉండాలి, ఎవరిది ఎక్కువ పీలుస్తుంది... ఇంత మంచి కాగితాన్ని పాడుచేయడానికి మనసొప్పక కాగితాల బ్లాకు విప్పకుండానే ఇంటికి తీసుకెళ్లే పెద్దమనుషులున్నారు. వాళ్లే మనకు ఆదర్శం. చవక కాగితం తెచ్చి, తడిసి ఉబ్బిన దాని మీదే గబగబా నాలుగు వాష్‌లు, అంటే పల్చటి నీటిరంగు పూతలు, వేసి పారేసే కుర్రాళ్లకు ఈ నిగ్రహం ఎప్పుడబ్బుతుందో! కుంచె కడిగిన నీళ్లు బురద రంగుకు తిరిగినా మార్చరు వాళ్లు. ఆ బురదే బొమ్మలో కొండవుతుంది. చిత్రమేమిటంటే, ఆ కొండే కొండలా ఉంటుంది.

విమర్శా గోష్ఠి గురించి ఎక్కువ చెప్పను. అందులో పలికేది ఒకటే మాట.

“అన్నా, ఆకాశం అదిరిపోయింది!”

“అక్కడ ఇంకా రంగు వేయలేదు తమ్ముడూ.”

“అందుకే అన్నా, ఆ తెలుపు అలా వదిలెయ్యడానికి గుండె కావాలి.”

మోడల్‌ను కూర్చోబెట్టి గీసే రోజుల్లో ఈ ఐకమత్యం ఇంకా బాగా కనిపిస్తుంది. ఎదురుగా మనిషి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటాడు. బొమ్మల్లో మాత్రం ఒకరి దాంట్లో చేతులు జేబులో, ఇంకొకరి దాంట్లో వీపు వెనక, మరొకరి దాంట్లో ముందున్న పూలకుండీ వెనక. వేళ్లు ఐదని అందరికీ తెలుసు, పందెం కాయడానికి మాత్రం ఎవరూ సిద్ధంగా లేరు.

వార్షిక ప్రదర్శనలోనూ మనవాళ్లు దూరదృష్టి చూపారు. 1863లో పారిస్ సలాన్ అనే అధికారిక చిత్రప్రదర్శనకు బొమ్మలు ఎంపిక చేసే జ్యూరీ వచ్చిన వాటిలో సగానికి పైగా తిరగ్గొట్టి, ఊరంతా గొడవై, చివరికి చక్రవర్తి మూడో నెపోలియన్ కల్పించుకుని తిరస్కృతులకు వేరే ప్రదర్శన పెట్టించాల్సి వచ్చింది. ఇంటింటికీ చక్రవర్తి దొరకడు కాబట్టి మన సంఘాలు ఎవర్నీ తిరస్కరించవు. ఏ బొమ్మ కంటి ఎత్తున ఉండాలి, ఏది స్విచ్‌బోర్డు పక్కకు పోవాలి అన్నదే చూసుకుంటాయి. సంఘం రెండుగా చీలేది కూడా సాధారణంగా ఇక్కడే. ఫొటో చూసి వేయడం కళ కాదన్న సిద్ధాంతభేదం వల్ల చీలామని సావనీరులో రాసుకుంటారు గానీ, స్విచ్‌బోర్డు పక్కన ఎవరి బొమ్మ పడిందో చూస్తే అసలు చరిత్ర తెలుస్తుంది.

కాబట్టి నియమావళికి ఒక చిన్న సవరణ ప్రతిపాదిస్తున్నాను. సంఘం ఆవరణలో బొమ్మ గీస్తూ పట్టుబడిన సభ్యుణ్ణి మొదటిసారి మందలించాలి. రెండోసారి రంగుల పెట్టె కోశాధికారికి స్వాధీనం చేయాలి. మూడోసారి కూడా మారకపోతే, ఓటింగు కూడా లేకుండా ఏకగ్రీవంగా కార్యదర్శిని చేసేయాలి. మినిట్స్ రాయడం, హాలు బుక్ చేయడం, చందాల కోసం ఫోన్లు చేయడం, ఫ్రేము పగిలిందన్నవాళ్లకు సర్దిచెప్పడం... ఆర్నెల్లలో అతని కుంచెలు ఎండి కట్టెలవుతాయి. పాత కార్యదర్శి మళ్లీ గీయడం మొదలుపెడితే ఎలాగని ఎవరో అడిగారు. ఆయన్ని అధ్యక్షుణ్ణి చేద్దాం.