గోడమీద పిల్లికి దక్కిన గౌరవం

ఎటూ తేల్చుకోలేని మనిషిని లోకం గోడమీద పిల్లి అని ఎద్దేవా చేస్తుంది గానీ, ఆ మాట అనే పెద్దమనిషి చేతిలోని ఫోను పనిచేసేది ఎటూ తేల్చుకోని ఒక పదార్థం దయవల్లనే. రాగి కరెంటును ఎవరిచ్చినా పుచ్చుకుంటుంది. గాజు ఎవరు బతిమాలినా ఒప్పుకోదు. ఇంతటి మాటనిలకడ గల పదార్థాలతో తీగలూ వాటి తొడుగులూ చేసుకోవచ్చు గానీ, కంప్యూటర్ చేయలేము. సిలికాన్ అర్ధవాహకం, అంటే అటు రాగీ ఇటు గాజూ కాని మధ్యరకం గనుక, అడిగే తీరును బట్టి జవాబు మారుస్తుంది. వేడెక్కితే లోహాలలో నిరోధం, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, పెరుగుతుండగా, స్వచ్ఛమైన సిలికాన్‌లో తగ్గుతుంది.

దీని శీలపరీక్ష మరీ విచిత్రమైనది. చిప్పుల కోసం సిలికాన్‌ను దాదాపు 99.9999999 శాతం వరకు, అంటే వంద కోట్ల పరమాణువులలో పరాయిది ఒక్కటి మిగిలేంతగా శుద్ధి చేసి, ఆ తరువాత కొలిచి మరీ కల్తీ చేస్తారు. దీనిని డోపింగ్ అంటారు. క్రీడాకారుడు చేస్తే నిషేధం, పరిశ్రమ చేస్తే ప్రగతి.

ఫాస్ఫరస్‌ను కలిపితే, దాని అయిదు బాహ్య ఎలక్ట్రాన్లలో నాలుగు పొరుగు సిలికాన్ పరమాణువులతో బంధాలకు సరిపోగా, అయిదవది పనిలేక తిరుగుతుంది. కరెంటును మోసేది ఆ తిరుగుబోతే. బోరాన్‌కు ఉన్నవి మూడే కాబట్టి ఒక చోటు ఖాళీగా మిగులుతుంది. పక్క ఎలక్ట్రాన్ వచ్చి అందులో కూర్చుంటే దాని చోటు ఖాళీ అవుతుంది, అలా ఖాళీయే ప్రయాణం చేస్తుంది. శాస్త్రజ్ఞులు ఈ ఖాళీకి రంధ్రమని పేరుపెట్టి, ధనావేశాన్నీ ద్రవ్యరాశినీ కూడా మంజూరు చేశారు. మనిషి లేని కుర్చీ పేరిట పని జరిగినట్టు లెక్క రాసే విద్యను కార్యాలయాలే కనిపెట్టాయని నేను ఇంతకాలం పొరపడ్డాను. సిలికాన్‌లో రంధ్రం చలనశీలత, అంటే కదలడంలో చురుకు, ఎలక్ట్రాన్‌దానిలో దాదాపు మూడో వంతే గానీ, ఖాళీ కుర్చీ నుంచి అంతకుమించి ఆశించడం అన్యాయం.

ఈ రెండు రకాలనూ జోడిస్తే డయోడ్ అవుతుంది. అది సుమారు 0.7 వోల్టుల మర్యాద అందాక ఒకవైపు దారి ఇచ్చి, రెండోవైపు ముఖం తిప్పుకుంటుంది.

ఇక కరెంటును వదిలి ఆపే మీటలా పనిచేసే నేటి చిప్పులలోని ట్రాన్సిస్టర్‌లో గేటు అనే అధికారి ఉంటాడు. ఆయన కరెంటును పోనివ్వని సన్నని బంధకపు పొర వెనుక కూర్చుని దేనినీ ముట్టుకోడు. వోల్టేజి పెరగగానే ఆయన ప్రభావానికి ఎలక్ట్రాన్లు కిందికి చేరి బాట వేస్తాయి, తగ్గగానే చెదిరిపోతాయి. ఒకటి, సున్నా అంటూ కంప్యూటర్ చెప్పే తిరుగులేని తీర్పులన్నీ ఈ రాకపోకలే. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో బార్డీన్, బ్రాటెన్ అనే శాస్త్రజ్ఞులు జెర్మేనియం అనే మరో అర్ధవాహకపు ముక్కతో తొలి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించగా, 1956లో సహోద్యోగి షాక్లీతో కలిపి వారికి నోబెల్ ఇచ్చారు. 1971 నాటి ఇంటెల్ 4004 ప్రాసెసర్‌లో ఇటువంటి పిల్లులు, అంటే ట్రాన్సిస్టర్లు, సుమారు 2,300 ఉండేవి. ఇప్పటి ప్రాసెసర్లలో వెయ్యి కోట్లు దాటినవి ఉన్నాయి.

అయితే పిల్లి తన స్వభావాన్ని పూర్తిగా వదులుకోలేదు. గేటు మూసినా కొంత కరెంటు కారుతూనే ఉంటుంది. ఇంజనీర్లు దీనిని లీకేజీ అంటారు. ముట్టుకోకుండా పక్కన పెట్టిన ఫోనులో బ్యాటరీ తరగడానికి అదీ ఒక కారణం.