రేటు పెరగలేదు, బిల్లు పెరిగింది

ఇళ్లకు కరెంటు రేట్లు పెంచలేదని పాలకులు చెప్పే మాటలో అబద్ధం లేదు. బిల్లు కట్టలేకపోతున్నామని కర్నూలు పాతబస్తీలోనో అనంతపురం పాతూరులోనో ఇల్లాలు అనే మాటలోనూ అబద్ధం లేదు. రెండు మాటలూ ఒకేసారి నిజమెలా అవుతాయో బిల్లు కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివితే తెలుస్తుంది. మనలో చాలామంది పైన యూనిట్లు, అడుగున మొత్తం చూసి కాగితం మడిచేస్తాం. కథంతా ఆ రెంటి మధ్యే ఉంది.

పైవరసలో ఉండేవి ఎనర్జీ చార్జీలు. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2022–23లో, వాడకాన్ని బట్టి చేసిన ఏ, బీ, సీ గ్రూపులు తీసేసి అందరినీ ఒకే నిచ్చెన ఎక్కించింది. నెలకు మొదటి 30 యూనిట్లకు రూ.1.90, అక్కణ్నుంచి 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. దీనికి కిలోవాట్‌కు నెలకు పది రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ తోడవుతుంది. 225 దాటితే మొత్తం యూనిట్లకూ పెద్ద రేటు పడుతుందన్న భయం ఇంకా ఊళ్లలో ఉంది. అది పాత గ్రూపుల కాలం నాటి మాట. ఇప్పుడు ఎన్ని యూనిట్లు కాల్చినా మొదటి ముప్పైకి రూ.1.90 లెక్కే.

అయితే కొత్తగా చేరే ప్రతి యూనిట్ పై మెట్టు మీదే పడుతుంది. నెలకు 150 యూనిట్లు కాల్చే ఇంటికి ఎనర్జీ చార్జీ రూ.567. ఎండలు ముదిరాక రాత్రి ఏడెనిమిది గంటలు ఒకటిన్నర టన్నుల ఏసీ నడిపితే మరో 200 యూనిట్లు చేరడం పెద్ద విషయం కాదు. 350 యూనిట్లకు చార్జీ రూ.2,110.75. అంటే చేరిన యూనిట్ ఒక్కోటీ రూ.7.72 పడింది. వాడకం రెండు రెట్లు దాటితే చార్జీ నాలుగు రెట్లకు దగ్గరపడింది. ఎండాకాలం గుండె గుభేల్మనిపించే బిల్లుల్లో సగానికి సగం ఈ లెక్కే. మీటరు తప్పు కాదు, మోసమూ కాదు.

మిగతా సగం కింది వరసల్లో ఉంది. ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు అని అక్కడ కనిపించేదాన్ని పొట్టిగా ఎఫ్‌పీపీసీఏ అంటారు. ఏటా నవంబరు చివరికల్లా డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు, వచ్చే ఏడాది ఖర్చుల అంచనా మండలికి ఇవ్వాలి. మార్చి చివరికి మండలి రేట్లు ఖరారు చేస్తుంది. ఆ తర్వాత బొగ్గు ధర పెరిగినా, వాన మొహం చాటేసి జలవిద్యుత్ తగ్గినా, సాయంత్రం పూట కరెంటు అమ్మకాలు సాగే ఎక్స్ఛేంజీలో యూనిట్ పది రూపాయల గరిష్ఠ ధరకు కొనాల్సివచ్చినా, అంచనాకూ అసలు ఖర్చుకూ మధ్య తేడా ఈ వరసలోకి వస్తుంది. 2023–24 నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా మండలి అనుమతికి ఆగకుండా నెలనెలా వసూలు చేసుకునే వీలు కల్పించారు. ఒక నెల ఖర్చు తేడా రెండు నెలల తర్వాతి బిల్లులో కనిపిస్తుంది.

నలభై పైసలతో తీరితే ఇంత గొడవ ఉండేది కాదు. తీరనిదాన్ని ఏడాది చివర లెక్కగట్టి మండలి ముందు పెడతారు. డిస్కంలు అడిగినదాన్ని కొంత కోసి, 2022–23కు రూ.6,072.86 కోట్లు, 2023–24కు రూ.9,412.50 కోట్లు మండలి ఒప్పుకుంది. రెండింటి వసూలూ 2024 డిసెంబరులోనే మొదలైంది. ఒకటి 15 నెలలు, మరొకటి 24 నెలలు. జంట కాడి ఒకే మెడ మీద పడింది. ఇవి కాక, 2014–19 మధ్య పంపిణీ వ్యయాల ట్రూఅప్ (అంచనాకు మించిన ఖర్చును తర్వాత రాబట్టడం) అని 2022 ఆగస్టు నుంచి 36 నెలలు మరో వరస నడిచింది. మన దక్షిణ డిస్కం పరిధిలో అది యూనిట్‌కు 22 పైసలు. 2014లో వెలిగిన బల్బుకు 2025 దాకా డబ్బు కట్టామన్నమాట.

ఇందులో డిస్కం సిబ్బంది చేతివాటం వెతకడం దండగ. ఖర్చు నిజంగానే అయింది, ఎవరో ఒకరు కట్టాల్సిందే. మా అభ్యంతరం వేళ గురించి. రేట్లు పెంచలేదనిపించుకోవడానికి మార్చిలో అంచనాలు తక్కువ చూపడం, తేడాను రెండు మూడేళ్లు నానబెట్టి వడ్డీభారంతో సహా తేవడం ఏ పార్టీ ఉన్నా మారని అలవాటైంది. ఈలోగా ఇంట్లో కిరాయిదారు మారిపోతాడు. పాత నెలల వాడకం మీద లెక్కగట్టే సర్దుబాటు ఆ సర్వీసు నంబరు మీద పడి, ఇవాళ ఇంట్లో ఉన్నవాడు నిరుడు ఖాళీ చేసినవాడి బాకీ తీరుస్తాడు. 2024–25 లెక్కలో ఖర్చు అంచనాకంటే తగ్గి, 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసలు వెనక్కివ్వాలని మండలి చెప్పింది. మంచిదే. కొనుగోళ్లు కుదురుగా ఉంటే తేడా కిందికీ దిగుతుందని అది చూపించింది.

కొనుగోళ్లు ఎందుకు కుదురుగా ఉండవో చూడటానికి దూరం పోనక్కర్లేదు. కడప జిల్లా కలమల్ల దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,650 మెగావాట్లు. ఐదు యూనిట్లు 210 మెగావాట్లవి, ఒకటి 600 మెగావాట్లది. పక్కన గని లేదు. బొగ్గు వందల కిలోమీటర్లు రైలెక్కి రావాలి. యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది కనుక, టన్నుకు వంద రూపాయలు కిరాయి పెరిగితే యూనిట్ మీద ఏడు పైసలు పడుతుంది. గని అంచున ఉన్న కేంద్రం చవగ్గా అమ్ముతుంటే, తక్కువ ధర కరెంటునే ముందు తీసుకోవాలన్న నియమం ప్రకారం మన కేంద్రాన్ని వెనక్కి తగ్గిస్తారు. తగ్గించినా స్థిర చార్జీ కట్టడం తప్పదు. యంత్రం ఆగినా అప్పు, జీతాలు, నిర్వహణ ఆగవు కదా.

ఇక్కడ పన్ను సంగతి ఒకటి జనం చర్చలోకి రాలేదు. 2025 సెప్టెంబరుదాకా బొగ్గు మీద ఐదు శాతం జీఎస్టీ, టన్నుకు రూ.400 పరిహార సెస్సు ఉండేవి. సెస్సు ఎత్తేసి జీఎస్టీని 18 శాతం చేశారు. సెస్సు పోయిందని అందరూ సంతోషించారు. పన్ను పడే ధర టన్నుకు రూ.3,077 లోపుంటేనే దీనివల్ల లాభం. అంతకు మించిన ఖరీదైన బొగ్గుకు పన్ను ఇదివరకటికంటే ఎక్కువే. కరెంటు జీఎస్టీలో లేదు కనుక, బొగ్గుకు కట్టిన పన్నును ఉత్పత్తిదారు ఎక్కడా తగ్గించుకోలేడు. అది నేరుగా మన యూనిట్‌లో కలుస్తుంది.

మరి ఎండ మనది, గాలి మనది, నేల మనది కదా, కరెంటు చవగ్గా ఎందుకు రాదని సీమవాసి అడుగుతాడు. కర్నూలు దగ్గర గని, శకునాల అనే ఊళ్ల మధ్య వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నాటికే నడిచింది. నంబులపూలకుంట, మైలవరం పార్కులు వచ్చాయి. రామగిరి కొండల మీద గాలిమరలు అంతకంటే పాతవి. రిటైల్ రేటు రాష్ట్రమంతా ఒకటే. పార్కు పక్క ఊరికి వేరే ధర లేదు. పైగా ఒప్పందం రాసుకున్న ఏడాదిని బట్టి ధర ఉంటుంది. గని ఊరి పార్కుకు 2015లో వేలంలో పలికిన ధర యూనిట్‌కు రూ.4.63. మైలవరం పార్కుకు 2017లో రూ.3.15. అదే ఎండ, అవే పలకలు, ఏడాదిన్నర తేడా. పాతికేళ్ల ఒప్పందం కనుక పాత ధరే నడుస్తుంది.

2019లో రాష్ట్ర ప్రభుత్వం పాత గాలి, సౌర ఒప్పందాలను తిరగదోడబోయింది. మధ్యంతరంగా గాలికి రూ.2.43, సౌరానికి రూ.2.44 చెల్లించారు. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పంద రేటే కట్టాలంది. ఆదా అయిందనుకున్నది బకాయిగా తిరిగొచ్చింది. ఖరీదైన ఒప్పందం రాసుకున్న రోజునే అడ్డుకోవాలి. సంతకాలయ్యాక చేసే గోల చివరికి వినియోగదారు ఖాతాలోకే చేరుతుంది.

వేళల చిక్కు ఇంకొకటి. ఎండ కరెంటు పదింటి నుంచి నాలుగింటి దాకా దండిగా వస్తుంది. గాలిమరలు మే నుంచి సెప్టెంబరు దాకా ఊపుగా తిరుగుతాయి. జనం వాడకం మార్చి, ఏప్రిల్ రాత్రుల్లో నెత్తికెక్కుతుంది. ఆ వేళ ఎండా లేదు, గాలీ అంతంతే. వ్యవసాయానికి తొమ్మిది గంటల సరఫరాను పగటికి మార్చడం ఈ లెక్కలో తెలివైన పని. పగటి చవక కరెంటును రాత్రికి దాచడానికి పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజీ (పగలు నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే కేంద్రం) పనికొస్తుంది. నీటిని పైకి తోడి కిందికి వదిలేసరికి నూటికి ఇరవై, ఇరవై ఐదు యూనిట్లు తరుగు పోతుందని, నిల్వ ఊరికే రాదని గుర్తుంచుకుంటే చాలు.

ఉచిత వ్యవసాయ విద్యుత్ మీద నగరాల్లో విసుగు కనిపిస్తోంది. చీనీ తోటకు బోరు తోలే రైతు 5 హెచ్‌పీ మోటారు తొమ్మిది గంటలు ఆడితే నలభై యూనిట్ల దాకా కాలుతుంది. ప్రభుత్వం ఆ ఖర్చు ఇవ్వదలిస్తే 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ముందుగానే డిస్కంకు చెల్లించాలి. ఆలస్యమైతే డిస్కం అప్పు తెస్తుంది, వడ్డీ మళ్లీ మనదే. పెద్ద సమస్య మోటారుకు మీటరు లేకపోవడం కూడా కాదు, ట్రాన్స్‌ఫార్మర్‌కు నమ్మకమైన మీటరు లేకపోవడం. కొన్ని నమూనా ట్రాన్స్‌ఫార్మర్ల రీడింగు చూసి మొత్తం వ్యవసాయ వాడకం అంచనా కడతారు. ఆ అంచనాలో రైతు వాడింది ఎంత, లైన్లలో పోయింది ఎంత, కొక్కెం వేసి లాగింది ఎంత అన్నది విడదీయలేం. రైతు పేరు మీద ఎవరి నష్టమైనా దాచుకోవచ్చు. రైతును నిందించే ముందు ఆ ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి రీడింగులు బయటపెట్టండి.

రైతు పక్కనా చేయాల్సినవి ఉన్నాయి. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ బిగిస్తే లైను మీద కరెంటు ఒత్తిడి తగ్గి, వోల్టేజీ నిలబడుతుంది. రెండు ఫేజుల మీదే మోటారు తోలితే వైండింగు కాలుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద అనుమతి లేని మోటార్లు చేరితే అదీ కాలుతుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పల్లెలో 48 గంటల్లో మార్చాలని మండలి ప్రమాణాలు చెబుతున్నాయి. రైతులు చందాలేసుకుని ట్రాక్టరులో మోసుకెళ్లాలని ఎక్కడా రాసిలేదు.

బేతంచెర్ల, తాడిపత్రి బండల పాలిష్ ఫ్యాక్టరీల గోడు వేరు. 2022లో పరిశ్రమలకు, దుకాణాలకు విద్యుత్ సుంకం యూనిట్‌కు ఆరు పైసల నుంచి రూపాయికి పెంచారు. పదివేల యూనిట్లు వాడే ఫ్యాక్టరీకి నెలకు రూ.600 ఉన్న సుంకం రూ.10,000 అయింది. ఆ డబ్బు డిస్కంకు కాదు, ఖజానాకు పోతుంది.

ఇంటి కప్పు మీద సౌర పలకలకు కేంద్ర రాయితీ ఉంది. కిలోవాట్‌కు రూ.30,000, రెండుకు రూ.60,000, మూడూ ఆపైన రూ.78,000. మూడు కిలోవాట్లు నెలకు 350 యూనిట్ల దాకా ఇస్తాయి. తగ్గేవి పై మెట్టు యూనిట్లు కనుక, నెలకు 225 దాటే ఇళ్లకే ఇది తొందరగా గిట్టుబాటవుతుంది. వంద యూనిట్లు కాల్చే ఇల్లు దీనికోసం అప్పు చేయనక్కర్లేదు. మేలో పలక వేడి 65 డిగ్రీలు దాటితే ఉత్పత్తి ఏడో వంతు దాకా పడిపోతుంది. మన బోరు నీళ్లతో కడిగితే తెల్లటి ఉప్పు పొర కడుతుంది, మెత్తని నీళ్లతో తెల్లవారుజామున తుడవాలి. బ్యాటరీ లేకుంటే లైను పోయినప్పుడు ఇన్వర్టరూ ఆగిపోతుంది. అది లోపం కాదు, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు.

నియంత్రణ మండలి కార్యాలయం ఇప్పుడు కర్నూలులోనే, దిన్నెదేవరపాడు దారిలో ఉంది. ఊళ్లోకి వచ్చిన ఆ మండలిని మూడు పనులు అడుగుతున్నాం. బిల్లు మీద ప్రతి సర్దుబాటు పక్కన అది ఏ నెల వాడకానిదో, ఇంకెన్ని నెలలు ఉంటుందో తెలుగులో అచ్చు వేయించాలి. ఏడాది ముగిసిన ఆరు నెలల్లో లెక్క తేల్చని తేడాను వినియోగదారు మీద వేయడానికి ఒప్పుకోకూడదు. నవంబరులో డిస్కంలు ఇచ్చే అంచనాల తెలుగు సారాంశం ప్రతి సబ్‌డివిజన్ ఆఫీసులో అంటించేలా చూడాలి. అభ్యంతరం ఎవరైనా రాసివ్వవచ్చు, ఒక ప్రతి డిస్కంకూ పంపాలి, డిస్కం జవాబివ్వాలి, బహిరంగ విచారణలో మాట్లాడవచ్చు. అక్కడ కరెంటు కొనుగోలు పట్టికలో ఒక్కో కేంద్రం పక్కన స్థిర చార్జీ ఎంత, యూనిట్ ధర ఎంత అని రెండు గడులుంటాయి. ప్రశ్నలు అక్కణ్నుంచి మొదలుపెట్టండి.