నోటి పూతే కదా అనకండి

ఇమ్యూనిటీని తగ్గించే మందులు వాడేవాళ్లు నోట్లోనో ఒంటి మీదో వచ్చిన బాధ చెప్పుకుంటే "ఓస్ అంతేనా, లివర్ బాగానే ఉందిగా" అని కొట్టిపారేసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

కీళ్లవాతానికి నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను. మొదలుపెట్టిన రెండో నెలలో నాలుక అంచున తెల్లటి చుక్క, చుట్టూ ఎర్రగా. నాలుగు రోజుల్లో కింది పెదవి లోపలంతా అవే. మంచినీళ్లు తాగినా మంటే, బ్రష్ పెట్టుకుంటే కళ్లలో నీళ్లు, మాట్లాడితే పన్ను తగులుతుందని రెండు రోజులు ఇంట్లో సైగలతోనే నెట్టుకొచ్చాను. ఫోన్ చేసి అడిగితే, వేడి చేసి ఉంటుంది, బి కాంప్లెక్స్ వేసుకోండి అన్నారు.

అది వేడి కాదండీ. ఈ మందు ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడుతుంది, అప్పుడు గబగబా పుట్టే కణాలకే ముందు దెబ్బ, నోటి లోపలి పొర అలాంటిదే, రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జా అలాంటిదే. అందుకే నోరు పూస్తే ఒక్కోసారి లోపల రక్తకణాల సంఖ్య (కౌంట్) కూడా పడిపోతోందని అర్థం, వెంటనే రక్తపరీక్ష చేయించాలి. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన ఈ మాత్రను పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, అక్కడా ముందుగా కనబడే గుర్తుల్లో నోటి పూత ఒకటి. (యూరిన్ ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే ట్రైమెథోప్రిమ్ దీనితో కలిసినా ప్రమాదమే.) నాకు కౌంట్ బాగానే ఉంది, ఫోలిక్ యాసిడ్ పెంచాక తగ్గింది.

కిడ్నీ మార్పిడి అయినవాళ్ల సంగతి ఇంకా కష్టం. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే సైక్లోస్పోరిన్‌తో కొందరికి చిగుళ్లు పళ్ల మీదికి పెరుగుతాయి, ముఖం మీద వెంట్రుకలొస్తాయి. ఒక ఆడపిల్ల అది భరించలేక ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేస్తే పోయేది కొత్త కిడ్నీ, దాన్ని అందం గొడవ అంటారా? చాలామందికి అదే పని చేసే టాక్రోలిమస్‌కి మార్చే వీలుంటుంది, కానీ ఆ పిల్ల నోరు విప్పి చెప్పాలి, చెప్తే వినేవాళ్లుండాలి. ఇలాంటి మందులు ఏళ్ల తరబడి వాడేవాళ్లలో స్క్వామస్ సెల్ రకం చర్మ క్యాన్సర్ మిగతావాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి మానని పుండుని, గరుకుగా పెరిగే మచ్చని చూపించకుండా వదిలేయకండి.

నేను మందు మానలేదు, సొంతంగా మానమని ఎవరికీ చెప్పను, వేళ్లు మడిచి ఇదంతా టైప్ చేయగలుగుతున్నానంటే ఆ మందు వల్లే. డాక్టర్లని అడిగేది ఒకటే, రిపోర్టులు తిరగేసే ఆ రెండు నిమిషాల్లో టార్చ్ వేసి ఒక్కసారి నోరు తెరవమనండి.