సూడాన్ శాంతికి దూరం నుంచి చేయదగిన సేవ

సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న మొదలైన అంతర్యుద్ధాన్ని అర్థం చేసుకోవడానికి శాంతికాముకులైన బయటివారికి కావలసింది రెండు పేర్లు, ఒక నిట్టూర్పు. సైన్యాధిపతి అబ్దెల్ ఫత్తా అల్ బుర్హాన్ ఒకరు, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే అర్ధసైనిక దళానికి నాయకుడైన మహమ్మద్ హందాన్ దగాలో మరొకరు. ఇద్దరికీ కుర్చీ కావాలి, పాపం ఆఫ్రికా. ఇక్కడితో ఆగినవారు ధన్యులు. ఇంకాస్త లోతుకు వెళ్తే మాత్రం మనశ్శాంతికి భంగం తప్పదు. ఈ ఇద్దరూ 2021 అక్టోబరు 25న భుజం భుజం కలిపి ప్రధాని అబ్దల్లా హమ్‌దోక్ ప్రభుత్వాన్ని కూలదోసిన మిత్రులేననీ, దేశానికి పడమటనున్న డార్ఫుర్‌ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు తగలబెట్టిన జంజావీద్ ముఠాలకే 2013లో నాటి అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ కొత్త పేరు పెట్టి ఈ దళంగా నిలబెట్టాడనీ, దానిని సైన్యంలో రెండేళ్లలో కలపాలా, పదేళ్లలో కలపాలా అన్న పేచీయే ముదిరి తుపాకుల దాకా వచ్చిందనీ తెలుస్తుంది. బషీర్‌ను 2019లో దించిన జనం సైనిక ప్రధాన కార్యాలయం ఎదుట వారాల తరబడి బైఠాయించి అడిగింది వీరిద్దరిలో ఎవరినీ కాదనీ, పౌర పాలననేననీ, అందుకు జూన్ 3న తూటాలే సమాధానమయ్యాయనీ కూడా తెలుస్తుంది. అప్పుడు నిట్టూర్పు చాలదు కనుక అంత దూరం వెళ్లకుండా ఉండటమే ఆరోగ్యకరం.

మన దేశానికి సంబంధించినంత వరకు ఈ యుద్ధం ఆపరేషన్ కావేరితోనే ముగిసింది. దాదాపు 3,800 మంది భారతీయులు పోర్ట్ సూడాన్ మీదుగా, జెడ్డా మీదుగా క్షేమంగా ఇల్లు చేరారు. అది నిజంగా గర్వించదగిన పని. మనవాళ్లు వచ్చేశాక అక్కడ ఇంకా ఎవరెవరు మిగిలారన్న ఆరా తీయడం పరాయి ఇంటి విషయాల్లో తలదూర్చడమే అవుతుందని మన టీవీ చానెళ్లు సంస్కారంతో తప్పుకున్నాయి. హైదరాబాదులో చదువుకుంటున్న సూడాన్ విద్యార్థులు ఫోన్లు పట్టుకుని ఇంటి కబురు కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. అది వారి వ్యక్తిగత విషయం.

ఇక అంతర్జాతీయ సమాజం చేస్తున్న కృషిని తక్కువ చేయరాదు. డార్ఫుర్‌కు ఆయుధాలు పంపరాదని భద్రతా మండలి 2004లోనే ఆంక్ష విధించి నాటి నుంచి భక్తిశ్రద్ధలతో కొనసాగిస్తోంది. ఆయుధాలు కూడా అంతే క్రమశిక్షణతో వెళుతున్నాయి. యుద్ధానికి తద్దినం పెట్టినట్టు సరిగ్గా ఏప్రిల్ 15వ తేదీనే 2024లో పారిస్‌లో, 2025లో లండన్‌లో సదస్సులు జరిపారు. పారిస్‌లో 200 కోట్ల యూరోలకు పైగా వాగ్దానం చేశారు. లండన్‌లో ఉమ్మడి ప్రకటనలోని వాక్యాలపై అతిథులకే ఏకాభిప్రాయం కుదరలేదు. దగాలో దళానికి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుంచి ఆయుధాలు అందుతున్నాయన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం తేల్చింది. ఆ దేశం కాదంటుంది. ఈజిప్టు అండ సైన్యానికి ఉంది. బయటి నుంచి సైనిక సాయం ఆగనిదే ఈ యుద్ధం ముగియదని 2025 సెప్టెంబరులో అమెరికా, సౌదీ అరేబియాలతో కలిసి ఎంతో ఆవేదనతో ప్రకటించినవారిలో ఎమిరేట్స్, ఈజిప్టు రెండూ ఉండటం వారి నిష్పాక్షికతకు నిదర్శనం.

ఈ సదస్సుల నడుమనే ఉత్తర డార్ఫుర్ రాజధాని అల్ ఫాషిర్ ఏడాదిన్నర ముట్టడిలో మగ్గింది. ఎవరూ బయటపడకుండా, లోపలికి గింజ పోకుండా ఊరి చుట్టూ దగాలో దళం మట్టికట్ట పోసింది. అది పూటపూటకూ పెరగడాన్ని ఉపగ్రహాలు ఫొటోలు తీసి పంపుతూనే ఉన్నాయి, లోకం చూస్తూనే ఉంది. లోపల జనం అంబాజ్ తిన్నారు. అంటే గానుగలో నూనె తీశాక మిగిలిన వేరుశనగ చెక్క, మన పల్లెల్లో పాడి గేదెలకు నానబెట్టి పెట్టేది. చివరికి అది కూడా కొనలేని ధరకు చేరింది. 2025 అక్టోబరు 26న ఊరు పడిపోయింది; అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో రోగులు, వారి తోడువచ్చినవారు కలిపి 460 మందికి పైగా హతమయ్యారన్న వార్తలు తమను కలచివేశాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కలత చెందడంలో ఎవరూ వెనుకబడలేదు.

శాంతికి మన వంతు సాయం ఏమిటని అడిగే తెలుగువారికి బంగారం కొట్టు దగ్గరే ఒక అవకాశం ఉంది, కానీ వాడుకోమని నేను చెప్పను. రెండు వైపులా తుపాకులను పోషిస్తున్నది సూడాన్ బంగారం. అందులో సింహభాగం చేరేది ఎమిరేట్స్‌కు. కరిగాక ఏ గని బంగారమో బంగారానికే తెలియదు. దుబాయి నుంచి వచ్చే మేనమామ తెచ్చిన గొలుసు మీద హాల్‌మార్కు స్వచ్ఛత ఎంతో చెబుతుంది, పుట్టిల్లు ఏదో చెప్పదు. ముహూర్తం దగ్గర పెట్టుకుని కొట్టువాడిని ఇది ఎక్కడిదని నిలదీస్తే పెళ్లివారు నొచ్చుకుంటారు.

సూడాన్‌లో అసలు అన్నం పెడుతున్నవారి సంగతి చివరకు పడింది. సదస్సుల్లోనూ వారి స్థానం అదే. 2019 ఉద్యమంలోని వాడవాడ కమిటీల కుర్రకారే యుద్ధం రాగానే అత్యవసర సహాయ గదులుగా ఏర్పడి, వీధి చివర పెద్ద గుండిగల్లో పప్పు, చిక్కుడు గింజలు ఉడికించి పంచుతున్నారు. నీటి పంపులు బాగుచేస్తున్నారు, గాయపడినవారిని మోస్తున్నారు. ఇందుకు ఇరుపక్షాలూ వారిని అనుమానించి పట్టుకుపోతున్నాయి. 2025 మొదట్లో అమెరికా సాయం ఆగిపోగానే వందలాది వంటశాలల పొయ్యిలు ఆరిపోయాయి. కోటిమందికి పైగా ఇల్లు విడిచిన దేశంలో వీరిని చర్చలకు ముఖ్యులుగా పిలవకపోవడానికి కారణం సాంకేతికమైనది: వారి వద్ద ఆయుధాలు లేవు కనుక కాల్పులు విరమించే అర్హత వారికి లేదు. పోనీ డబ్బైనా నేరుగా వారికే పంపుదామనే తొందరపాటు మనుషులు కొందరుంటారు. వారు ముందుగా దాతల నిబంధనావళి చదువుకోవాలి. డ్రోన్లు పడుతున్న బజారులో పప్పు కొన్నామంటే సరిపోదు; నమోదు పత్రం, బ్యాంకు ఖాతా, దుకాణదారు ముద్ర వేసిన రశీదు జతపరచాలి.